దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతకు చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్లం కదా, ఇంకేం మాట్లాడతాం అనుకుని ఉంటారు. కానీ మేము ఈ రోజు మీ ఇంటి గోడకు ఉండాల్సిన ఒక మేకు గురించి మాట్లాడదామని వచ్చాం. ఆ మేకుకు ఏం తగిలించాలో, ఎందుకు తగిలించాలో చెప్పి దిగిపోతాం. అది కూడా చదువు సంగతే.

ఆగస్టు 9 మన పండుగ రోజు. కొమ్ములు పెట్టుకుని డోళ్లు కొడతాం, రేలా ఆడతాం. అయితే గోదావరి, శబరి ఒడ్డున ఉన్న మనకు ఈ తేదీ ఎప్పుడూ వానల నడుమే వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ సంగతి మీ తాతలను అడిగితే చెబుతారు. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. అది మీరే చూశారు. గోదావరి నిండితే శబరి నీళ్లకు దిగే దారి ఉండదు. వెనక్కి తన్ని వాగుల్లోకి ఎదురెక్కుతుంది. అందుకే కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు మన నెత్తిన వాన లేకపోయినా దారులు మునుగుతాయి.

ఆ 2022లో మా హాస్టల్లో చదివి ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పం. నీళ్లు వస్తున్నాయని తెలిసిన రాత్రి వాళ్లింట్లో అందరూ గుట్ట ఎక్కారు. బియ్యం మోశారు, మేకలను తోలుకెళ్లారు, ముసలమ్మను భుజాన వేసుకున్నారు. అన్నీ సరిగానే చేశారు. ఆ అమ్మాయి ట్రంకు పెట్టె మాత్రం మంచం కింద ఉండిపోయింది. పది రోజుల తర్వాత దిగి చూస్తే పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ, బ్యాంకు పుస్తకం అన్నీ బురదలో ముద్దైపోయాయి. నర్సింగులో చేరాలని ఆ పిల్ల ఆశ. నకళ్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేసరికి చేరే గడువు దాటిపోయింది. ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఒక ప్లాస్టిక్ కవరు లేక ఒక ఆడపిల్ల చదువు ఎంత దూరం జారిపోబోయిందో మేము దగ్గరుండి చూశాం.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఎన్నో ఏళ్లు మేము పిల్లలకు సర్టిఫికెట్లు చేతికిచ్చి జాగ్రత్త అన్నాం. జాగ్రత్త అంటే ఏమిటో చూపించలేదు. మా హాస్టల్ సంగతే చెప్పుకుంటే, ఒక వానాకాలం మూడు రోజులు కరెంటు లేదు. రాత్రి ఒక పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. టార్చిలైటు తీస్తే బ్యాటరీలు చెమ్మపట్టి పొంగి ఉన్నాయి. ఓఆర్ఎస్ పొట్లాలు ఏ బీరువాలో ఉన్నాయో ఎవరికీ గుర్తు లేదు. ఆ పాప బాగుపడింది. మేము మాత్రం ఆ రాత్రి మర్చిపోలేదు.

ఈ పని మనకు కొత్త కాదు. మన పెద్దల ఇళ్లు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. గాదెలో జొన్నలు, సామలు. అటక మీద బూడిద కలిపి, వేపాకు వేసి దాచిన విత్తనాలు. పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసిన మొక్కజొన్న కంకులు. ఎండబెట్టిన ఇప్పపువ్వు, గింజ తీసి ముద్ద చేసిన చింతపండు, ఎండు చేపలు. మూలన ఎండు కట్టెలు. సొరకాయ బుర్రలో నీళ్లు. ఎంత ఆకలి వేసినా విత్తనం ముట్టేవాళ్లు కాదు. విత్తనాల పండుగ, కొత్తల పండుగ మనకు నేర్పింది అదే: ఏది ఎప్పుడు తినాలో, ఏది దాచాలో ఒక లెక్క ఉండాలి. ఇప్పుడు నెల బియ్యం డిపోలో, రోజు సరుకు కొట్లో చిన్న చిన్న పొట్లాల్లో తెచ్చుకుంటున్నాం. దారి తెగితే రెండో రోజుకే ఇల్లు ఖాళీ. డిపో బియ్యం వద్దని మేము అనడం లేదు. అటక ఖాళీ చేయవద్దంటున్నాం.

డబ్బు ఎక్కడిది అని మీరు అడుగుతారు. ఒకేసారి ఏమీ కొనవద్దు. వారం సంతకు వెళ్లినప్పుడు 20 రూపాయలు పక్కన పెట్టండి. ఏడాదికి 1,040 రూపాయలు అవుతుంది. ఈ వారం రెండు సబ్బులు, వచ్చే వారం ఉప్పు, ఆ పై వారం అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. ఇప్పపువ్వు, చింతపండు అమ్మినప్పుడు, తునికాకు డబ్బు చేతికొచ్చినప్పుడు వానాకాలం సరుకు ముందు తీయండి, ఆ తర్వాతే ఫోను కవర్లు, రీఛార్జులు. ఇంట్లో నాలుగు నాటుకోళ్లు ఉంటే అదే మీ బ్యాంకు. వానలకు ముందే పశువుల డాక్టరుతో కొక్కెర వ్యాధి టీకా వేయించండి. లేకపోతే ఆ బ్యాంకు ఒక్క వారంలో మూతపడుతుంది. పెరట్లో మునగ, బొప్పాయి, కరివేపాకు, ఒక గుమ్మడి పాదు పెట్టండి. ముదిరిన గుమ్మడికాయ అటక మీద నెలల తరబడి ఉంటుంది.

ఇక ఏమేం ఉండాలో ఒక్కొక్కటి చెప్పుకుందాం.

మొదటిది నీళ్లు. తాగడానికి, వండుకోవడానికి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు కావాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు 20 లీటర్లు. మూత ఉన్న క్యాన్లు రెండు ఉంటే రెండు మూడు రోజులు గడుస్తాయి. మబ్బు పట్టగానే నింపండి. వరదలో మునిగిన బోరింగు నీళ్లు క్లోరినేషన్ చేసేదాకా అలాగే తాగవద్దు. నీళ్లు తెర్లుతున్నప్పుడు కనీసం ఒక నిమిషం అలాగే తెర్లనివ్వాలి. క్లోరిన్ బిళ్లలు ఆశా కార్యకర్తను అడగండి. పొట్లం మీద ఎన్ని లీటర్లకు ఒకటి అని రాసి ఉంటుంది, అది చదివి వేసి, అరగంట ఆగి తాగండి. ఇంట్లో చదవగలిగింది మీరే కాబట్టి అది మీ పని.

రెండోది తిండి. వారానికి సరిపడా బియ్యం లేదా జొన్నలు, కందులు, ఉప్పు, నూనె, చింతపండు. పొయ్యి వెలగకపోయినా తినగలిగేవి కొన్ని ఉండాలి: అటుకులు, బెల్లం, వేరుశనగలు. పాతది ముందు వాడి, కొత్తది వెనక పెట్టండి. అప్పుడు ఏదీ పురుగు పట్టదు, డబ్బు వృథా కాదు.

మూడోది వెలుతురు, ఫోను. కిరసనాయిలు దీపాల రోజులు పోయాయి. ఒక చిన్న సోలార్ లైటు, లేదంటే ఒక టార్చి చాలు. బ్యాటరీలు టార్చిలోంచి తీసి విడిగా పొడి డబ్బాలో ఉంచండి. మేము నేర్చుకున్న పాఠం అది. ఉరిమినప్పుడు కాదు, మబ్బు కనబడగానే ఫోను ఛార్జింగు పెట్టండి. ఊళ్లో ఏ గట్టు మీద సిగ్నల్ అందుతుందో మీకు తెలుసు, మీ అమ్మకు తెలియదు. ఆమెకు చూపించండి. 108, 112, మీ ఆశా కార్యకర్త నంబరు, పక్క ఊళ్లో ఆటో నడిపే అన్న నంబరు బొగ్గుతో గోడ మీద రాయండి. ఫోను ఆగిపోతే అందులో ఉన్న నంబర్లు కూడా దానితోనే పోతాయి.

నాలుగోది మందులు. ఇంట్లో బీపీ, షుగర్, ఫిట్స్ మందులు వాడేవాళ్లుంటే వానాకాలంలో పది రోజుల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు ఉంచండి. ఒక పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం చేయకూడదు. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. జ్వరం వస్తే రెండు రోజులు చూద్దాం అనవద్దు. ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష చేయించి, మందు ఇస్తే చివరి మాత్ర దాకా మింగండి.

పాము కరిస్తే తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. మంత్రం కోసం ఆగవద్దు. మన వైద్యుల మీద మాకు గౌరవం ఉంది. వాళ్ల ఆకులూ వేర్లూ ఎన్నో నొప్పులకు పనికొస్తాయి. కానీ పాము విషానికి విరుగుడు ఆసుపత్రి సూదిమందే. కరిచిన కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకెళ్లండి. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తు పెట్టుకోండి. 108 రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. రోడ్డు దాకా మన డోలీయే గతి. అలా ఉండకూడదు, ప్రతి గూడేనికి రోడ్డు రావాలి, అడుగుతూనే ఉండాలి. రోడ్డు వచ్చేదాకా గట్టి వెదురు గడ, తాడు, దుప్పటి ఊళ్లో ఎవరింట్లో ఉన్నాయో అందరికీ తెలిసి ఉండాలి. అర్ధరాత్రి గడ కోసం అడవికి పోలేం కదా.

ఐదోది కాగితాలు. ఇదే ఆ మేకు సంగతి. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమోలు, బ్యాంకు పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, అటవీ హక్కుల పట్టా అన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి మడిచి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, ఒక సంచిలో వేయండి. సంచిని తలుపు పక్కన ఎత్తుగా మేకుకు తగిలించండి. ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న అన్నకో అక్కకో కూడా పంపండి. మెమోలు, ఆధార్ డిజిలాకర్‌లో దొరికితే తెచ్చి పెట్టుకోండి. అదే సంచిలో కొంచెం డబ్బు, రోజువారీ మాత్రలు, ఒక అగ్గిపెట్టె. అంతే. దీనికి అయ్యే ఖర్చు ఒక సినిమా టికెట్ అంత కూడా ఉండదు.

ఆరోది మాట. ఇంట్లో కూర్చుని ముందే అనుకోవాలి: ముసలమ్మను ఎవరు మోస్తారు, మేకల కట్లు ఎవరు విప్పుతారు, సంచి ఎవరు తీస్తారు, బరకం ఎవరు పడతారు, విడిపోతే ఏ చెట్టు కింద కలుస్తారు. గర్భిణి ఉంటే ప్రసవం తేదీకి వారం పది రోజుల ముందే వాగు ఇవతలికి, ఆసుపత్రి దగ్గరికి చేర్చాలి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని టీవీలో చెబుతారు. అక్కడ ఎన్ని అడుగులు వస్తే మన ఊరి దారి మునుగుతుందో టీవీ చెప్పదు. మన పెద్దలకు తెలుసు. అడిగి ఆ అంకె గోడ మీద రాయండి. నీళ్లు ఆ అంకెకు ఇంకా రెండు మూడు అడుగుల కింద ఉండగానే బయల్దేరండి.

ఇవన్నీ మనమే చేసుకుంటే ప్రభుత్వం ఎందుకు అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పడవ రావాలి, బియ్యం రావాలి, నష్టపరిహారం రావాలి. అవి మన హక్కు. కానీ పడవ వచ్చేదాకా గడిచే రెండు మూడు రోజులు మన పిల్లల ఆకలి, మన అమ్మ మాత్ర మన చేతుల్లోనే ఉంటాయి. పైగా హక్కు అడగడానికి కూడా కాగితం కావాలి. పట్టా తడిసిపోయినవాడు పరిహారం వరుసలో నిలబడి ఎంత బాధపడతాడో మేము చూశాం.

ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. ఒక మేకు కొట్టండి. ఒక కవరు తగిలించండి. మీ తాతనో అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని ఆ అడుగుల లెక్క అడగండి. ఈ ఆదివారానికి అయిపోతాయి.

ఆ అమ్మాయి సంగతి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు. పెళ్లి మాటలు ఆపమని మేము రెండుసార్లు వాళ్ల గూడేనికి వెళ్లాం. వాళ్ల నాన్న ఆలోచించి సరేనన్నాడు. మరుసటి ఏడాది నకళ్లన్నీ చేతికొచ్చి నర్సింగులో చేరింది. సెలవులకు వచ్చినప్పుడు మా హాస్టల్‌కు వచ్చి చిన్న పిల్లలందరి చేత కవర్లు కట్టించింది. ఇప్పుడు మా హాస్టల్ గదుల్లో ప్రతి మంచం పైన గోడకు ఒక మేకు ఉంది, మేకుకు ఒక సంచి ఉంది. ఎవరైనా అధికారి వచ్చి ఈ సంచులేమిటి అని అడిగితే పిల్లలే చెబుతారు.

మీ ఇంటికి మేము వచ్చినప్పుడు మీరూ అలాగే చూపించాలి.

జై ఆదివాసీ.