తోటల్లో నత్తల దాడి: ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు

(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చీడ అంటే మనకు పురుగో తెగులో గుర్తొస్తుంది. నత్త గుర్తురాదు. వరి మడిలో, చెరువు గట్టున నత్తలను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. బాతులు, కొంగలు వాటిని తినేవి. మనకు వాటితో పేచీ లేదు.

ఇవాళ బొప్పాయి, అరటి, కూరగాయ తోటల మీద పడుతున్నది ఆ నత్త కాదు. ఇది ఆఫ్రికా పెద్ద నత్త. తూర్పు ఆఫ్రికా దీని పుట్టిల్లు. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి వదిలారు. ఆ తర్వాత మొక్కలతో, మట్టితో, సరుకుతో కలిసి ఒక్కో రాష్ట్రానికీ చేరింది.

దీన్ని అదుపు చేయాలంటే ముందు దీని బతుకు తెలియాలి. నత్త నోట్లో నాలుక లాంటి పట్టీ ఉంటుంది. దాని నిండా వేల సన్నని పళ్లు. ఆకురాయితో రాకినట్టు ఆకును, లేత బెరడును, కాయను గీకి తింటుంది. 500 రకాలకు పైగా మొక్కలు దీనికి ఆహారమే. నారుమడి దొరికితే మొదలంటా కొరికేస్తుంది. గుల్ల పెరగడానికి సున్నం కావాలి కనుక గోడల సున్నాన్నీ వదలదు.

పగలు చెత్త కింద, రాళ్ల సందున దాక్కుంటుంది. రాత్రి, వాన తడిలో బయటికొస్తుంది. ఎండలు ముదిరితే గుల్ల నోరు పొరతో మూసుకుని నెలల తరబడి పడుకుంటుంది. వేసవిలో కనబడలేదంటే పోయిందని కాదు. ప్రతి నత్తలోనూ ఆడా మగా రెండూ ఉంటాయి. ఒక్కో విడతకు వంద నుంచి నాలుగు వందల దాకా గుడ్లు గుల్ల నేలలో పెడుతుంది. ఏడాదిలో ఇలా ఎన్నో విడతలు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఏం జరిగిందో వినండి. 1966లో ఒక పిల్లవాడు హవాయి నుంచి మూడు నత్తలు తెచ్చుకున్నాడు. అవి ఇంటి తోటలోకి చేరాయి. ఏడేళ్లలో 18,000 దాటాయి. ప్రభుత్వమే దిగి, ఇల్లిల్లూ వెతికించి, 1975 నాటికి నిర్మూలించింది. ఆ ఖర్చు ఏ ఒక్క రైతు నెత్తినా వేయలేదు.

మనం ఏం చేయాలి? తొలి వానలు పడగానే సాయంత్రం తోటలో తడి గోనెసంచులు పరవాలి. వాటి కింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ ఆకులో వేయాలి. తెల్లారేసరికి నత్తలు అక్కడ చేరతాయి. ఏరి, ఉప్పునీళ్ల బకెట్‌లో వేసి చంపి, లోతుగా పూడ్చాలి. ఉప్పు పొలంలో చల్లొద్దు, నేల పాడవుతుంది. వట్టి చేతులతో పట్టుకోవద్దు. ఎలుకల నుంచి వీటికి సోకే ఒక పురుగు మనిషి మెదడు పొరలకు జబ్బు తెస్తుంది. నత్తల మందు గుళికలు కుక్కలకు, పశువులకు ప్రాణాంతకం. వ్యవసాయ అధికారిని అడగకుండా వాడొద్దు. మట్టితో వచ్చే మొక్కలను, అరటి పిలకలను చూసుకునే తోటలోకి తేవాలి.

అయితే మన చేను శుభ్రం చేసుకున్నా పక్క బీడులో, రోడ్డు వార చెత్తలో నత్తలుంటే వారం తిరక్కుండా మళ్లీ వస్తాయి. అందుకే ఊరంతా ఒకే వారం ఏరాలి. కౌలు రైతును, బీడు యజమానిని కూడా కలుపుకోవాలి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి మూడు. నత్తల ఏరివేతను ఉపాధి పనుల్లో చేర్చాలి. నర్సరీల నుంచి వచ్చే మొక్కలను తనిఖీ చేయాలి. నత్త తిన్న పంటను నష్టం లెక్కలో రాయాలి, కౌలు రైతు పేరుతో సహా.

నత్త మెల్లగా నడుస్తుంది. మనం అంతకంటే మెల్లగా కదిలితే తోట దానిదే అవుతుంది. ఈ తొలకరికే ప్రతి గ్రామ శాఖ ఏరివేత తేదీ నిర్ణయించుకోవాలని కోరుతున్నాం.