విడిచిన బోరుబావులు, బిడ్డల ప్రాణములు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బిడ్డల క్షేమమును గూర్చి మాటలాడునపుడు టీకాలు, పాలు, బడి అను మూడు విషయములను మా శాఖవారము తరచుగా ప్రస్తావించుచుందుము. నేడు వానిని ప్రక్కన నుంచి, మీ పొలములలో నోరు తెరచుకొనియున్న రంధ్రములను గూర్చి మనవి చేయదలచితిమి. అవి నీరు పడక విడిచిపెట్టిన బోరుబావులు.

బోరు రంధ్రము వెడల్పు సాధారణముగ ఆరేడు అంగుళములు. పెద్దవాడు అందు పడడు. కావుననే పెద్దల కంటికి అది అపాయముగ తోచదు. రెండు మూడేండ్ల బిడ్డ మాత్రము నిలువునా జారిపోవును. పైనుండి చేయి అందదు, మనిషి దిగుటకు వీలుండదు. ప్రక్కన మరియొక పెద్ద గొయ్యి త్రవ్వి, అచ్చటినుండి అడ్డముగ సొరంగము తీసి బిడ్డను చేరవలెను. తెలంగాణమునను రాయలసీమయందును అనేక చోట్ల కొంత లోతు పోగానే గట్టి రాయి తగులును. యంత్రములెన్ని తెచ్చినను పని మెల్లగ సాగును. లోపలనున్న బిడ్డకు అంత వ్యవధి యుండదు.

2006 జూలైలో హర్యానా రాష్ట్రమునందలి కురుక్షేత్ర జిల్లాలో అయిదేండ్ల బాలుడొకడు సుమారు 60 అడుగుల లోతున చిక్కుకొనగా, సైనికులు దాదాపు 50 గంటలు శ్రమించి ప్రాణములతో వెలికి తీసిరి. దేశమంతయు టెలివిజనులో చూచి సంతసించినది. ఆ సంతోషము కొంత కీడు కూడ చేసినదని మా అభిప్రాయము. ఎవరో వచ్చి రక్షింతురను ధైర్యము జనులలో నిలిచిపోయినది. 2017 జూన్ నెలలో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలమున పడిపోయిన పసిపాపకై రేయింబవళ్లు పాటుపడినను ఆమె దక్కలేదు. 2020 మే నెలలో మెదక్ జిల్లాలో మూడేండ్ల బాలుడు బలియైన బోరు ఏండ్లనాటి పాతబోరు కాదు, అప్పుడే వేసినది. కావున పూడ్చుట రేపటి పని కాదు. బోరుబండి పొలము దాటక మునుపే జరుగవలసిన పని.

ఇంతకును రైతు దానినేల పూడ్చడు? నిర్లక్ష్యమని తేలికగ అనుచుందుము గాని, అది పూర్తిగ న్యాయము కాదు. అప్పు తెచ్చి బోరు వేయించును. నీరు పడదు. మరియొకచోట వేయించును, అచ్చటను పడదు. బండివాడు సొమ్ము తీసికొని వేరొక ఊరికి పోవును. మిగిలిన కేసింగు పైపునైనను దక్కించుకొందమని రైతు దానిని పైకి లాగించి, రంధ్రముపై గోనెసంచి కప్పి, రాయి యెత్తి ఇంటికి పోవును. ఆనాడు అతని మనస్సు అప్పుమీద నుండును గాని రంధ్రముమీద నుండదు. గోనె వానలకు కుళ్లిపోవును. రాతిని గొర్రెయో, ఆడుకొను పిల్లలో కదల్తురు. కనుక ఈ పనిని ఒక్క రైతునకే విడిచిపెట్టరాదు. ఊరు కలుగజేసికొనవలెను.

సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలో ఈ విషయమున స్పష్టమైన ఆదేశముల నిచ్చియున్నది. బోరు వేయదలచిన భూమి యజమాని 15 దినములు ముందుగ అధికారులకు వ్రాతమూలకముగ తెలుపవలెను. ఆ అధికారులలో సర్పంచి పేరును కలదు. బోరుబండి యజమానులు నమోదు చేసికొనియుండవలెను. పని జరుగుచోట హెచ్చరిక బోర్డును, ముళ్లకంచెయు నుండవలెను. వాడుకలోనున్న బోరుచుట్టు సిమెంటు దిమ్మె కట్టి, పైపునకు గట్టి మూత బిగింపవలెను. మోటారు మరమ్మతునకై పైకి తీసినపుడు సైతము రంధ్రమును తెరచి యుంచరాదు. విడిచిన బోరును బంకమన్ను, ఇసుక, గులకరాళ్లు మున్నగువానితో అడుగునుండి నేలమట్టమువరకు నింపవలెను. గ్రామములలో దీనిని కనిపెట్టియుండు బాధ్యత సర్పంచికిని వ్యవసాయశాఖ ఉద్యోగికిని అప్పగింపబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము క్రిందను బావుల నమోదునకు ఏర్పాటు కలదు.

ఆదేశములు కాగితముమీద చక్కగనే యున్నవి. మా శాఖవారు వానిని గోడపత్రములుగ అచ్చువేసి పంపవచ్చును. గోడపత్రము గొయ్యిని పూడ్చదు.

మీ చేతనున్న సులభమైన ఉపాయమొకటి కలదు. బోరుబండి ఊరిలో అడుగిడినపుడే, నీరు పడనియెడల రంధ్రమును నింపియే పోవుదుమని బండివానిచేతను రైతుచేతను వ్రాయించుకొనుడు. త్రవ్వగా వచ్చిన రాతిపొడి అచ్చటనే కుప్పగ పడియుండును; మనుషులు, పారలు సిద్ధముగ నుందురు. ఆ గంటలో పని తేలిక. మరునాటికి కుప్ప చెదరిపోవును, మనుషులు చెదరిపోదురు. నింపిన మన్ను మొదటి వానలకు క్రుంగును గనుక మరల చూచి నింపవలెను.

పాతబోర్ల సంగతి కొంత చిక్కైనది. యజమాని పట్టణమున నుండవచ్చును, భూమి చేతులు మారియుండవచ్చును, అన్నదమ్ముల తగవులో నుండవచ్చును. తగవు తీరువరకు రంధ్రము వేచియుండదు. పంచాయతీ తీర్మానము చేసి తానే పూడ్పించి, ఖర్చును తరువాత వసూలు చేసికొనుట మేలు. ఏ బోర్లు ఎచ్చటనున్నవో తెలిసికొనుటకు గొర్రెల కాపరులను, బడిపిల్లలను అడుగుడు. లెక్కలు వ్రాయు గుమాస్తాకంటె వారికే బాగుగ తెలియును.

ఈ సందర్భమున చెరువును గూర్చియు ఒకమాట. మొరము త్రవ్విన గుంటలు వానకాలమున నీటిక్రింద దాగును. మునుగుచున్న పిల్లవానికై ఈతరాని తోటిపిల్లలు దుముకుటచేత ఒకే కుటుంబమున ఇద్దరు ముగ్గురు పోవుట కలదు. దుముకక, చీరనో త్రాడునో వెదురునో అందింపవలెనని బడిలో నేర్పింపుడు. మరియొక విషయము: బంగ్లాదేశ్ గ్రామములలో ఉదయము తల్లులు పనిలో మునిగియుండు 9 నుండి 1 గంట వరకు పసివారిని ఒకచోట చేర్చి ఒక స్త్రీ సంరక్షణమున నుంచు పద్ధతి నీటిప్రమాదములను బాగుగ తగ్గించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇట్టి ఏర్పాటును సిఫారసు చేయుచున్నది. మన ఊళ్లలో అంగన్‌వాడీ కలదు. నాట్ల దినములలోను కోతల దినములలోను ఆ వేళలను కొంత పొడిగించుటకు తల్లులతోను కార్యకర్తతోను మాటలాడి చూడుడు.

రాబోవు పంచాయతీ సమావేశమునకు విడిచిన బోర్ల జాబితాను తయారు చేసి తెండు. అందు సభ్యులలో నెవరిదైనను బోరు ఉన్నయెడల దానినే మొదట పూడ్పింపుడు. తక్కినవారిని అడుగుట అప్పుడు సుకరమగును.