లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది?

(కొత్తగా సహకార సంఘం పెట్టుకుంటున్న వాడ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెట్టుకోవడానికి సాయం చేయమని నన్ను పిలిచారు. సాయం అన్న మాటంటేనే నాకు భయం. ఎందుకో చెప్తాను.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఆ పనివాళ్ల పేరుతో మా ఊళ్లో ఒక సొసైటీ ఉండేది. ప్రెసిడెంటు పేరుకు మావాడే. పుస్తకాలు మాత్రం సాయం చేసే పెద్దమనిషి ఇంట్లో ఉండేవి. వాటా కట్టిన సంగతి మా నాయనకు తెలుసు. అప్పు తీసుకున్న సంగతి నోటీసు వచ్చాకే తెలిసింది! ఆ నోటీసు చదివి వినిపించింది పదో తరగతిలో ఉన్న నేనే. మా ఇంట్లో చదువు చేసిన మొదటి పని అది.

అందుకే సాయం చేసేవాళ్లకు నాలుగు మాటలు. నాకు కూడా.

ఒకటి: అవసరం మీ నోటి నుంచే రావాలి. సబ్సిడీ కోసం పుట్టిన సంఘం సబ్సిడీ అయిపోగానే చస్తుంది.

రెండు: ముందు మన రూపాయి. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివాళ్లూ ఇతర పనివాళ్లూ, తలా ఒక పౌను కూడబెట్టి కొట్టు తెరిచారు. పిండి, చక్కెర, వెన్న, కొవ్వొత్తులు, ఇలాంటి నాలుగైదు సరుకులే. కల్తీ లేదు, అరువు లేదు. మనిషికి ఒక్కటే ఓటు. లోకంలోని సహకార సంఘాలెన్నో ఆ కొట్టు దగ్గరే నడక నేర్చుకున్నాయి.

మూడు: పెత్తనానికి సందు ఇవ్వకూడదు. 1964 చట్టం కింద ప్రభుత్వం సొసైటీల్లో వాటా పెట్టొచ్చు, పాలకవర్గాన్ని తీసేసి ఆఫీసరును కూర్చోబెట్టొచ్చు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలో ప్రభుత్వ వాటా లేదు. ఎన్నికలు మనమే జరుపుకోవాలి. అయితే చట్టం మన ఇంటికొచ్చి కాపలా కాయదు. నెలనెలా లెక్క వాడ నడుమ పైకి చదవాలి. చదువురాని అవ్వకు కూడా అర్థమయ్యేదాకా చదవాలి. మీ బదులు మీ మొగుళ్లు మీటింగుకొస్తే గడప దగ్గరే ఆపండి.

నాలుగు: సాయం చేసేవాడు వెళ్లిపోయే రోజు ముందే చెప్పాలి.

రాజకీయాల్లో మనిషికి ఒక ఓటు వస్తున్నా సాంఘిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. డబ్బు దగ్గర కూడా ఆ ఒక్క ఓటు చెల్లే చోటు మన సంఘం కావాలి.

ఈ ఏడాది మీలో ఇద్దరికి లెక్కలు రాయడం నేర్పుతాను. వచ్చే ఏడాది ఇదే రోజుకు కలం ఇంకా నా చేతిలోనే ఉంటే, లాక్కోండి.

జై భీమ్!