చిన్న కిరణ్, పెద్ద కొలత

విమానమునకు నమూనా చేయుట యనగా కొలతలను తగ్గించుటయే యని పలువురు తలంతురు. బెంగుళూరు హిందూస్థాన్ విమాన కర్మాగారమున వి. ఎం. ఘాట్గే గారి బృందము రూపొందించగా, 1964 సెప్టెంబరు 4వ తేదీన తొలిసారి ఎగిరిన కిరణ్ జెట్ శిక్షణ విమానమును చూడుడు. రెక్కల కొననుండి కొనకు 10.70 మీటర్లు. 72వ వంతుకు దించినచో 149 మిల్లీమీటర్లకు రవంత లోపు, జానెడైనను లేదు. ఇంతవరకు లెక్కయే.

చిక్కంతయు ఆసనముల చోటున నున్నది. కిరణ్‌లో గురుశిష్యులు ఒకరి వెనుక నొకరు గాక ప్రక్కప్రక్కనే కూర్చుందురు. నమూనా గోడకు ఒక మిల్లీమీటరు మందము ప్లాస్టిక్కు వాడితిమా, అసలు కొలతలో అది 72 మిల్లీమీటర్ల గోడ! ఇరుప్రక్కల కలిపి 144. ఇక రెండు ఆసనములు ఎట్లు ఇముడును? కొందరు ఆసనములనే సన్నగా చెక్కి యిరికింతురు. అది మాకు సమ్మతము గాదు. గోడలనే లోపలినుండి గీకి పలుచన చేయవలెను. పైనుండు అద్దపు కప్పుకు మాత్రము, దాని ఆకారమును కొయ్యతో చెక్కి, పలుచని ప్లాస్టిక్కు రేకును వేడిచేసి దానిపై లాగుట మేలు. రేకు మందమెంతయో అంత తక్కువగా కొయ్యను చెక్కవలెను సుమా!

ఇక రంగు. 1996లో ఏర్పడిన సూర్యకిరణ్ దళము ఎరుపు తెలుపులతో 2011 వరకు ఎగురవేసినవి రెండవ శ్రేణి కిరణ్‌లు. వాని ఇంజను ఆర్ఫియస్. మొదటి శ్రేణిది వైపర్. మొదటి శ్రేణి నమూనాకు ఆ ఎరుపు పూసినచో, కొలతలన్నియు సరిపోయినను అది ఆ దళపు విమానము గాజాలదు. కనుక విమానపు సంఖ్య స్పష్టముగా కనబడు ఛాయాచిత్రము నొకదానిని ఎదుట పెట్టుకొనిన పిమ్మటనే కత్తి చేతబట్టుడని మా మనవి.