రెండు దేవదాసులు

మహానంది గుడి కోనేటి నీళ్లు ఎంత తేటో మీకు తెలుసు. అడుగున పడ్డ నాణెం కూడా కనబడుతుంది. నవలను సినిమాగా తీసినా అంతే. కథ అడుగున ఉన్న బాధ కనబడాలి.

రచయిత శరత్‌చంద్ర బెంగాలీ నవల ‘దేవదాసు’ 1953లో తెలుగు తెరకెక్కింది. అక్కినేని చూపు, సావిత్రి మౌనం, ఘంటసాల గొంతు. ఆ బెంగాలీ బాధ మన ఇంటి బాధైపోయింది.

1974లో విజయనిర్మల అదే కథను మళ్లీ తీశారు. కృష్ణ కథానాయకుడు. ఆరుద్ర పాటలు, రమేష్‌నాయుడు బాణీలు. పాటలు బాగున్నాయి. అయినా ప్రేక్షకులకు నిరాశే మిగిలింది. వాళ్ల గుండెల్లో పాత దేవదాసు ఇంకా బతికే ఉన్నాడు మరి!

గుర్తుంచుకుందాం. పాట ఒక్కటే చాలదు. కథలోని బాధ మనదనిపించాలి. ఈసారి రెండూ చూడండి, వీలైతే నవలా చదవండి.