క్వారీ డస్టు – గోడకు బలం
(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



ఫ్లైఓవరు ఎక్కేచోట రోడ్డుకు ఇరువైపులా కాంక్రీటు పలకల గోడలు మీరందరూ చూసే వుంటారు. బరువంతా మోసేది ఆ పలకలేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి లోపలి మట్టి జారిపోకుండా ఆపే తడికల వంటివి. అసలు బలం వెనుకనున్న మట్టిది, అందులో పొరపొరకూ పరచిన ఇనుప పట్టీలది లేదా ప్లాస్టిక్ వలలది. మట్టి రేణువులు ఒరిపిడితో పట్టీని గట్టిగా పట్టుకుంటాయి. ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ విడాల్ 1963లో ఈ పద్ధతికి పేటెంటు పొందారు.

ఒరిపిడి బాగుండాలంటే ఇసుక వంటి గరుకు పదార్థం కావాలి. ఏటి ఇసుక తవ్వేస్తే చుట్టుపక్కల బావులు ఎండుతాయి. అందుకే 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకాలకు ఆంక్షలు పెట్టింది. ఆ లోటు తీర్చగలది కంకర మిల్లుల వద్ద గుట్టలుగా పడివుండే క్వారీ డస్టు. అది నలిగిన రాయి గనుక రేణువులు కోణాలతో వుండి ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి. బంకమట్టిలా సాగవు.

అయితే ఒక చిక్కుంది. 75 మైక్రాన్ల జల్లెడలోంచి జారిపోయే మెత్తని పొడి సాధారణంగా 15 శాతం మించరాదు. మించితే వాననీరు త్వరగా బయటికి పోదు. పట్టు సడలుతుంది, గోడపై ఒత్తిడి పెరుగుతుంది.

ఈ పాఠం నాకు సర్వీసులో ఒక గోడ నేర్పింది. మొదటి లారీ డస్టును పరీక్ష చేయించాను. బాగుంది. గడువు దగ్గరపడిందని మిగతా లోడ్లకు చూడకుండానే సంతకం చేశాను. తరువాత వచ్చినదంతా మెత్తని పొడే. వర్షాకాలం వెళ్లేసరికి పలకలు ముందుకు ఉబ్బాయి. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. విప్పి మళ్లీ కట్టాము. తప్పు డస్టుది కాదు, నాది.

మన పిల్లలు, మనుమలు ఎందరో నేడు ఇటువంటి పనుల్లో వున్నారు. వారికి నా మాటగా మూడు సంగతులు చెప్పండి: గుట్ట మారినప్పుడల్లా జల్లెడ పట్టించాలి, ప్రతి పొరనూ తగినంత తడితో రోలరు వేసి దిమ్మిస చేయించాలి, పలకల వెనుక నీరు పోయే కంకర పొర తప్పక వేయించాలి.