వ్యాధిని చూపించు చిత్రములు

రేడియోలో పనిచేయు మాకు మాటయే సాధనము. వ్యాధి పేరు, లక్షణములు, చికిత్స మాటలతో చెప్పగలము. కాని కొన్ని వ్యాధులను వినుటకంటె చూచుటచేతనే జనులు త్వరగా గ్రహింతురు. కంటికి, మెదడునకు వచ్చు జబ్బులు ఆ తరగతిలోనివి. వీనిని తెలియజెప్పుటలో డాక్యుమెంటరీ చిత్రములు చేయగల మేలును గూర్చి నేడు ముచ్చటింతము.

గ్లాకోమా అను కంటిజబ్బును తీసికొందము. మనవారు దీనిని నీటికాసులందురు. ఇందు కంటినుండి మెదడునకు దృష్టిని చేరవేయు నరము క్రమముగా దెబ్బతినును. తరచుగా కనిపించు రకములో నొప్పి యుండదు, ఎరుపు ఉండదు. ముందుగా ప్రక్కచూపు తగ్గును. అయినను రోగికి తెలియదు. ఏలయన, లోపించిన భాగమును మెదడు చుట్టునున్న దృశ్యముతో పూరించుకొనును. కొందరు చిత్రనిర్మాతలు తెరచుట్టు నల్లని వలయమును గీచి ఈ జబ్బును చూపుదురు. అది సరికాదు. రోగికి నలుపు కనబడదు. ప్రక్కసందునుండి వచ్చు సైకిలే కనబడదు. ఒకే వీథిని మొదట సైకిలుతోను, పిదప అది లేకుండను చూపినచో ప్రేక్షకునకు అరనిమిషములో విషయము బోధపడును. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలమందుచేత, లేజరుచేత, శస్త్రచికిత్సచేత మిగిలిన చూపును నిలుపుకొనవచ్చును. కావున 40 ఏండ్లు దాటినవారును, ఇంటిలో ఎవరికైన ఈ జబ్బున్నవారును పరీక్ష చేయించుకొనవలయును.

మెదడుజబ్బులలో పక్షవాతము సంగతి వేరు. ఇచట గడువు గంటలలోనే యుండును. మూతి ఒక ప్రక్కకు జారుట, చేయి ఎత్తలేకపోవుట, మాట తడబడుట అను గుర్తులను 2009లో ఇంగ్లండులో చిన్న చిత్రములుగా తీసి టెలివిజనులో చూపిరి. గడ్డకట్టిన రక్తము అడ్డుపడుటచే వచ్చిన పక్షవాతమునకు, దానిని కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలయును. పసరుమందని, మంత్రమని తిరుగునంతలో ఆ గడువు దాటిపోవును. జారిన మూతిని ఒకసారి తెరపై చూచిన కోడలు, మామగారి ముఖములో దానిని వెంటనే గుర్తింపగలదు.

గుర్తులు తెలుపుటయే కాక, రోగిని మనిషిగా చూపుట చిత్రములు చేయు మరియొక మేలు. న్యూయార్కులోని బెత్ అబ్రహాం ఆసుపత్రిలో, మెదడువాపు అంటువ్యాధి మిగిల్చిన రోగులు కొందరు దశాబ్దములుగా కదలక మెదలక యుండిరి. డాక్టరు ఆలివర్ శాక్స్ 1969లో వారికి ఎల్-డోపా అను మందు నిచ్చెను. పలువురు లేచి నడచిరి, మాటలాడిరి. పిదప చాలమందికి ఇక్కట్లు తిరిగివచ్చినవి. వారిని గూర్చి యార్క్‌షైర్ టెలివిజన్‌వారు 1974లో డాక్యుమెంటరీ తీసిరి. కదలని దేహములో మనిషి మేలుకొని యుండవచ్చునని ఆ చిత్రము చూచినవారు మరువలేరు.

2016లో వచ్చిన ‘నోట్స్ ఆన్ బ్లైండ్‌నెస్’ అను చిత్రము మావంటివారికి మరింత ఆప్తము. చూపు కోల్పోయిన ఆచార్య జాన్ హల్ 1983 నుండి తన అనుభవములను టేపులలో చెప్పుకొనెను. చిత్రములో నటులు పెదవులు మాత్రమే కదుపుదురు. వినబడునది ఆయన గొంతే.

మన దేశమున 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ వారి చిత్రములను సినిమాహాళ్ళలో అసలు ఆటకు ముందు చూపెడివారు. ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. చేతిలోని ఫోనులో ఎవరికి వారు చిత్రము చూచుకొనవచ్చును గాని, పదిమందితో కూర్చుండి చూచి వైద్యుని ప్రశ్నించు అవకాశము అందులో లేదు. సినీనిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారిచ్చిన భూమితో, ధనముతో హైదరాబాదులో 1987లో కంటి ఆసుపత్రి వెలసినది. తెరకు, కంటికి తెలుగునాట అట్టి అనుబంధమున్నది. బడిలోనో, పంచాయతీ కార్యాలయములోనో చిత్రము చూపిన దినముననే కంటిపరీక్షయు, రక్తపుపోటు పరీక్షయు ఏర్పాటు చేసినచో, చూచినవారు ఊరక ఇంటికి పోరు.

చిత్రము మీ ఊరికి వచ్చువరకు ఆగనక్కరలేదు. మీ ఇంటి పెద్దలకు కంటిపరీక్ష కడపట ఎప్పుడు జరిగినదో ఈ రాత్రియే అడిగి తెలిసికొనుడు.